కొత్త ఊరు – చేతిలో కెమేరా

కాశీయాత్ర చేసి వచ్చినవాళ్ళ ఇంటికి వెళితే పూర్వం చేతిలో ఇంత ప్రసాదం, ఒక గంగచెంబు, ఒక కాశీదారం పెట్టి పంపేవారు. ఇప్పుడు వాటితోపాటు సెల్‌ఫోను కూడా చేతిలో పెడుతున్నారు. “చూడండి పిన్నిగారూ, ఇది మేము దిగిన గది. ఇది గది గుమ్మం. గుమ్మంలో మా చంటాడు. ఇదీ చంటాడే, కళ్ళు మూసుకున్నాడని మళ్ళీ తీశాం.” పిన్నిగారు మర్యాదస్తురాలు కనుక మొదటి నలభై ఫొటోలూ శ్రద్ధగా చూస్తుంది. ఆ తరువాత “పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానమ్మా” అని లేస్తుంది. నాలుగు రోజుల ప్రయాణానికి పద్నాలుగు వందల ఫొటోలు! అందులో చంటాడు వున్నాడు, గుమ్మం వుంది, ఇడ్లీ పళ్ళెం వుంది. కాశీ మాత్రం ఎక్కడో ఒక మూల నక్కి కూర్చుంది.

ఎగతాళికి చెప్పడం లేదు. మధ్యతరగతి సంసారి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి డబ్బు కూడబెట్టి, సెలవు సంపాదించి, ఇంటి తాళంచెవి పక్కవాళ్ళకు అప్పగించి, కొత్త ఊరు చూడ్డానికి బయలుదేరుతాడు. ఇంట్లో వున్నన్నాళ్ళూ ఎవరి వేళకు వారు తిని ఎవరి పనిమీద వారు పోయేవాళ్ళే. ఆ నాలుగు రోజులూ మాత్రం ఇంటిల్లిపాదీ ఒక గదిలో పడుకుని, ఒక బల్ల దగ్గర తిని, ఒక ఆటోలో ఇరుక్కుని తిరుగుతారు. పదేళ్ళ తరువాత ఆ నాలుగు రోజులకు మిగిలే సాక్ష్యం ఆ ఫొటోలే. అందుచేత వాటిని ఎలా తీస్తున్నాం, ఏం తీస్తున్నాం అని కాస్త ఆలోచించడం దండగ కాదు.

కెమేరా పట్టుకుని ఊళ్ళు తిరగడం ఒకప్పుడు ఎంత యజ్ఞమో మనవాళ్ళకు తెలియదు. సామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లీషువాడు బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వదులుకుని 1863లో మనదేశం వచ్చాడు. హిమాలయాలు ఫొటో తీయడానికి ఆయన బయలుదేరితే వెంట పదులకొద్దీ కూలీలు నడిచేవారు. కావడికట్టెలకు మందుసీసాలు, పెట్టెలనిండా గాజుపలకలు, ఒక చీకటి గుడారం. గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి బొమ్మ తీసి, ఆ తడి ఆరకముందే గుడారంలోకి పరుగెత్తి కడగాలి. ఆరిపోయిందా, పని మొదటికి వచ్చినట్లే.

మన హైదరాబాదుకు పేరు తెచ్చిన లాలా దీన్‌దయాళ్ కూడా ఆ కాలపువాడే. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, ఇందూరులో సర్కారు పనులశాఖలో పనిచేస్తూ ఫొటోలు నేర్చి, చివరకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫరు అయ్యాడు. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ఎదుట ఫొటో దిగరు కదా! వారికోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచి, దానిమీద ఒక ఇంగ్లీషు దొరసానిని పెట్టాడు. ఆడవాళ్ళు నిశ్చింతగా ఫొటో దిగాలంటే కెమేరా వెనుక ఎవరున్నారన్నది ముఖ్యమని ఆయన ఆనాడే కనిపెట్టాడన్నమాట.

ఈ బరువంతా దించినవాడు అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్. 1888లో ఆయన అమ్మిన కొడాక్ కెమేరాలో నూరు బొమ్మలకు సరిపడే ఫిల్ము వుండేది. నూరూ అయిపోయాక కెమేరాను పెట్టె పళంగా కంపెనీకి పంపితే, బొమ్మలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. 1900లో ఒక్క డాలరు ధరకు బ్రౌనీ కెమేరా వచ్చింది. దానితో సామాన్య కుటుంబీకుడు కూడా ఊరు వెళ్ళేటప్పుడు కెమేరా సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

మన ఇళ్ళల్లోకి కెమేరా వచ్చేసరికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అగ్ఫా క్లిక్-త్రీ అంటే పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తుకువస్తుంది, తోలు సంచితో సహా. రీలుకు పన్నెండు ఫొటోలు, అంతే. రాజమండ్రిలో రైలెక్కి కాశీ, ప్రయాగ, గయ తిరిగివచ్చే కుటుంబానికి అంతా కలిపి పన్నెండు! అందులో గోదావరి వంతెనకు ఒకటి ఖర్చుపెట్టవచ్చునా అన్నది ఇంట్లో చర్చకు వచ్చే విషయం. “ఇంకా రెండే వున్నాయర్రా, కదలకండి” అని నాన్నగారు అంటే పిల్లలు ఊపిరి బిగపట్టేవారు. ఊరు తిరిగివచ్చాక కూడా రీల్లో ఒకటి మిగిలితే, అది సంక్రాంతి ముగ్గు దగ్గర అయిపోయేదాకా కాశీ ఫొటోలు కెమేరా కడుపులోనే వుండేవి. తరువాత కడిగించడానికి ఇచ్చి, వారం రోజులు ఎదురుచూపు. వచ్చిన పన్నెండులో రెండు నల్లగా మాడిపోయేవి, ఒకదానిలో నాన్నగారి బొటనవేలు.

ఆ కాలమే మంచిదని నేననను. ఆ ఫొటోల్లో మనుషులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని వుంటారు. ఎవరూ నవ్వరు. నవ్వితే ఖరీదైన ఫిల్ము పాడవుతుందన్న భయం కాబోలు. కాని ఒక్క సుగుణం వుంది. పన్నెండే కనుక, మీట నొక్కేముందు ఆ మనిషి ఒక్క క్షణం ఆ చోటును చూసేవాడు. ఇప్పుడు ఆ చూడడమే తప్పిపోతోంది. ఫోనులో వెయ్యి పట్టినా, దానికి రోజుకు పన్నెండు ఫొటోల రీలు వేశామని అనుకోండి. పగలు ఎన్నయినా తీయండి, ఎవరు వద్దన్నారు? రాత్రి గదికి చేరాక, కాళ్ళు చాపుకుని అందరూ కలిసి కూర్చుని, పన్నెండు వుంచి మిగతావి తుడిచెయ్యండి. ఏవి వుంచాలన్నదాని మీద జరిగే కీచులాట చాలా సరదాగా వుంటుంది. పైగా ఆ రోజు చూసిందంతా ఇంకొకసారి చూసినట్లవుతుంది.

సరే, ఎక్కడ నుంచుని తీయాలి? కాశీనే తీసుకుందాం, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే ఊరు కనుక. అక్కడ గంగ ఉత్తరవాహిని. ఘట్టాలన్నీ పడమటి ఒడ్డున తూర్పుముఖంగా వున్నాయి. తెల్లవారి సూర్యుడు ఆవలి ఇసుకతిన్నెల మీదనుంచి లేచి తిన్నగా మెట్లమీదికి వస్తాడు. మనవాళ్ళు సాధారణంగా చేసే పనేమిటంటే, మెట్లమీద నుంచుని, వెనుక గంగా, ఉదయిస్తున్న సూర్యుడూ పడాలని ఫొటో దిగుతారు. సూర్యుడు దివ్యంగా పడతాడు, ముఖాలు బొగ్గులా వస్తాయి. అదే పడవ ఎక్కారనుకోండి. తీసేవారు ఆవలి ఒడ్డువైపు కూర్చుని, మిగతావాళ్ళను ఘట్టాలవైపు కూర్చోబెట్టాలి. అప్పుడు పసుపురాసినట్లున్న లేతయెండ అందరి ముఖాలమీదా పడుతుంది. వెనుక కాశీ అంతా మెట్లుమెట్లుగా నిలబడుతుంది. ఆ వెలుగు గంటసేపు వుంటుంది, మహా అయితే గంటన్నర. మధ్యాహ్నం తిరిగాక సూర్యుడు భవనాల వెనక్కి పోతాడు కనుక మెట్లమీద నీడ పరుచుకుంటుంది. ముసలివాళ్ళను, పిల్లలను దగ్గరగా తీయడానికి ఆ నీడే మంచిది. కళ్ళు చికిలించుకోనక్కరలేదు.

విశ్వనాథుని గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. బయట భద్రపరిచి వెళ్ళాలి. చాలామంది దీనికి విసుక్కుంటారు గాని, నన్నడిగితే కాశీలో అదొక వరం. తిరిగివచ్చినవాళ్ళను కదిపి చూడండి. ఫొటో లేని ఆ దర్శనాన్ని వాళ్ళు పూసగుచ్చినట్లు చెబుతారు, ఫొటో వున్నవాటికి ఫోను వెతుక్కుంటారు. ఇక మణికర్ణికలోనూ, హరిశ్చంద్ర ఘట్టంలోనూ కెమేరా ఎత్తకూడదు. అది ఒకరి ఇంటి దుఃఖం. పడవలోనుంచి దూరంగా తీస్తున్నాం కదా అన్నది సమాధానం కాదు.

ఆగ్రాలో తాజ్‌మహల్‌కు మరొక సదుపాయం వుంది. సమాధిమందిరం తోటకు ఉత్తరపు కొసన, యమున ఒడ్డున వుంది. మనం దక్షిణపు పెద్దద్వారంలోనుంచి ప్రవేశిస్తాం. అంటే మనం చూసేది ఉత్తరదిక్కుకు. ఉదయమైనా సాయంత్రమైనా వెలుగు పక్కనుంచి పడి గుమ్మటపు గుండ్రదనం బాగా తేలుతుంది. శుక్రవారం నాడు మూసివుంటుందన్న సంగతి మరచి టిక్కెట్లు కొనుక్కున్నవాళ్ళు ఎందరో! సమాధులున్న లోపలి గదిలో ఫొటోలు నిషిద్ధం. అక్కడ కాలువ దగ్గర ఒక పాలరాతి బెంచీ వుంది. 1992 ఫిబ్రవరిలో డయానా రాకుమారి దానిమీద ఒంటరిగా కూర్చుని ఫొటో దిగింది. నాటినుంచి దానిమీద కూర్చోవడానికి ఎప్పుడూ పోటీయే. గుమ్మటం కొనను రెండువేళ్ళతో పట్టుకున్నట్లు దిగే ఫొటో మరొకటి. కెమేరాది ఒంటికన్ను, దానికి దూరం దగ్గర తెలియదు, అందుకే ఆ కనికట్టు సాగుతుంది. పిల్లలు ముచ్చటపడితే దిగనివ్వండి. కాని అదొక్కటే చాలదు కదా!

పెద్ద కట్టడాల దగ్గర మనవాళ్ళందరూ పడే అవస్థ ఒకటుంది. చార్మినారు మొత్తం పడాలి, అత్తగారూ పడాలి. అందుకని అత్తగారిని చార్మినారు మొదట్లో నిలబెట్టి, తీసేవాడు వెనక్కీ వెనక్కీ నడిచి, గాజులబండికి తగులుకునేదాకా పోతాడు. మినారులు నాలుగూ పడతాయి. అత్తగారు చీమంత అవుతుంది. కిటుకు చాలా తేలిక. కట్టడం నుంచి దూరంగా పొండి, మనిషిని మాత్రం మీతోపాటే తెచ్చుకోండి. ఉత్తరంగా నడిచి చార్‌కమాన్ల నడుమనున్న గుల్జార్ హౌజ్ దగ్గర ఆగండి. అత్తగారిని మీకు రెండు మూడు గజాల దూరంలో, కాస్త పక్కకు నిలబెట్టండి. చార్మినారు ఆవిడ భుజం వెనుక నిండుగా నిలబడుతుంది. ఆవిడ ముక్కుపుడకతో సహా కనబడుతుంది. బజారు తెరవకముందు వెళితే ఎడమనుంచి పొద్దుటి ఎండ, మనుషుల తాకిడి వుండదు. 1591 నాటి కట్టడం తొందరపడి ఎక్కడికీ పోదు. తెల్లవారి టీ తాగి నింపాదిగా వెళ్ళండి.

రాత్రి దీపాల సంగతి కూడా ఒక్కమాట. మైసూరు రాజభవనాన్ని ఆదివారాల్లోనూ సర్కారీ సెలవుదినాల్లోనూ కొంతసేపు సుమారు లక్ష బల్బులతో వెలిగిస్తారు. వెలగగానే జనం ఫ్లాషులు కొడతారు. ఫోను ఫ్లాషు నాలుగు గజాలు దాటి పోదు. ముందున్న పెద్దమనిషి బట్టతల మాత్రం వెలుగుతుంది. ఫ్లాషు ఆపి, ఫోనును ఏ పిట్టగోడకో ఆనించి, ఊపిరి బిగపట్టి తీయండి, చాలు.

ఇంతవరకూ కట్టడాల గొడవ. అయితే పాత ఆల్బం ఒకటి తీసి చూడండి. యాభైయేళ్ళ కిందటి తాజ్‌మహల్ ఫొటోలో మీరు దేన్ని చూస్తారు? తాజ్‌మహల్‌ను మాత్రం కాదు. అది ఇప్పుడూ అలాగే వుంది. అంతకంటె మంచి బొమ్మ కార్డులమీద దొరుకుతుంది. మీరు చూసేది అమ్మ కట్టుకున్న వాయిల్ చీరను, బాబాయి చేతిలోని ట్రాన్సిస్టరును, పక్కన ఆగిన టాంగాను, కొట్టు బోర్డుమీద రాసిన సోడా ధరను. “అరె, అప్పట్లో ఇంతేనా!” అంటారు. ఆ ఫొటో తీసినాయన వాటికోసం తీయలేదు. పొరపాటున పడ్డాయి. ఆ పొరపాటే ఇవాళ మనకు ఆస్తి.

కాశీలోనే చూడండి. గుడికీ గంగకూ నడుమ వుండిన ఇరుకుసందుల్లో పూలకొట్లు, పాలకోవా కొట్లు, ఆవులు, మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ నడిచేవారు. ఆలయ కారిడార్ కోసం అక్కడి కట్టడాలు వందలకొద్దీ తొలగించారు. 2021 డిసెంబరులో కారిడార్ ప్రారంభమయింది. ఇప్పుడు విశాలంగా, నడవడానికి హాయిగా వుంది. కాని పాతసందులో మన అమ్మమ్మ చెంబు పట్టుకుని నడిచిన ఫొటో వుంటే అది ఇక మళ్ళీ తీయగలిగేది కాదు. బొంబాయి వెళ్ళినవాళ్ళంతా సముద్రం తీశారు. నలుపూ పసుపూ ప్రీమియర్ పద్మినీ టాక్సీలో కూర్చుని తిరిగారు గాని దానిని తీసినవాళ్ళు తక్కువ. 2023 అక్టోబరుతో ఆ టాక్సీలు రోడ్డు దిగిపోయాయి. డీజిలుతో నడిచిన పాత డబుల్ డెక్కరు బస్సులు అంతకు నెల ముందే వెళ్ళిపోయాయి. సముద్రం అక్కడే వుంది.

కనుక కొత్త ఊళ్ళో మీ కన్ను మారిపోయే వాటిమీద వుండాలి. టీ కొట్టువాడి మట్టిముంతలు, హోటలు గోడమీది ధరల పట్టిక, స్టేషను పేరు రాసిన పచ్చబోర్డు, మీరు బేరమాడి ఎక్కిన రిక్షా, గది కిటికీలోనుంచి కనబడిన మేడలమీది గాలిపటాలు. కాశీలో మానససరోవర్ దగ్గరి శ్రీరామతారక ఆంధ్రాశ్రమంలో దిగే తెలుగువారు ఎందరో! ఉత్తరదేశంలో అంతదూరం వెళ్ళి తెలుగుమాట వినపడగానే అత్తగారి ముఖంలో కలిగే వెలుగుంది చూశారూ, అది ఏ ఘట్టానికీ తీసిపోదు. రైల్లో ఇంటిల్లిపాదీ నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్న బెర్తులు కూడా తీయండి. ఇప్పుడు కోప్పడతారు. పదేళ్ళ తరువాత ఆ ఫొటోకోసమే తన్నుకుంటారు.

మనవాళ్ళను తీసుకోవడం ఒక ఎత్తు, పరాయివాళ్ళను తీయడం ఒక ఎత్తు. పూలమ్మే ముసలమ్మ, గాజులు కరిగించే పనివాడు, ఘట్టంలో గుండు చేయించుకుంటున్న బాలుడు — చూడ్డానికి బావుంటారు. అంతమాత్రాన వాళ్ళు మన ఫొటోకోసం అక్కడ కూర్చోలేదు. మన వీధి అరుగుమీద అమ్మ జుట్టు దువ్వుకుంటుంటే దారినపోయే పరదేశి ఫోనెత్తితే మనకెలా వుంటుంది? భాష రాకపోయినా ఫరవాలేదు. కెమేరా చూపించి, కళ్ళతో అడిగితే చాలు. తల అడ్డంగా వూపితే నమస్కారం పెట్టి కదిలిపోవాలి. స్నానాల రేవుల్లో ఆడవాళ్ళున్నవైపు కెమేరా తిప్పకపోవడం వేరే చెప్పాలా? ఒప్పుకున్నవాళ్ళకు తీసిన బొమ్మ చూపిస్తే వాళ్ళ సంతోషం చూడాలి. ఆ నవ్వు పుట్టాక తీసే రెండవ ఫొటోయే అసలు ఫొటో.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. సెల్ఫీ తీసుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నవారి లెక్క ఒకటి 2018లో మన వైద్యులు ప్రచురించారు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచం మొత్తంమీద పత్రికల్లో వచ్చినవి 259 మరణాలు. అందులో 159 మనదేశానివే. నీట మునిగి పోయినవారే అన్నిటికంటె ఎక్కువ. చేయి చాచి తనను తాను తీసుకునేవాడి కన్ను తన ముఖంమీద వుంటుంది, కాళ్ళకింద ఏముందో కనపడదు. జలపాతం అంచున, రైలు తలుపులో, పాకుడు మెట్లమీద పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి. కొత్త ఊళ్ళో నీటి లోతు మనకేం తెలుసు?

ఇక అసలు సంగతికి వస్తాను. మాకు తెలిసిన ఒక ఇంట్లో నాలుగు ఆల్బములున్నాయి. ఆ ఇంటాయన బడిపంతులు. ముప్పైయేళ్ళు వేసవి సెలవుల్లో ఏదో ఒక ఊరు పిల్లలను తిప్పాడు, కెమేరా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆయన పోయినరోజున పూలదండ వేయడానికి ఫొటోకోసం వెతికారు. కన్యాకుమారి వుంది, ఊటీ వుంది, పూరీ రథం వుంది, పిల్లలు ఏటికేడూ పెరిగారు. ఆయన ఎక్కడా లేడు. చివరకు ఉద్యోగపు గుర్తింపుకార్డు మీది తపాలాబిళ్ళంత ముఖాన్ని పెద్దదిచేయించి ఫ్రేము కట్టించారు. అది ఎవరిదో ముఖంలా వుంది. కాని ఒక ఫొటోలో, పూరీ సముద్రపు ఇసుకలో, భార్య పాదాల దగ్గరగా ఒక నీడ పడింది — రెండు మోచేతులూ ఎత్తి కెమేరా పట్టుకున్న మనిషి నీడ. ఆవిడ గోడమీది ఫ్రేమును అట్టే చూడదు. ఆ ఇసుకలో నీడ వున్న ఫొటోను భాగవతం పుస్తకంలో పెట్టుకుంది.

ఇంకొన్ని ఇళ్ళల్లో లేనిది అమ్మ. “సామాన్ల దగ్గర నేనుంటాను, మీరందరూ దిగండి” అంటుంది. ప్రతి ఊళ్ళోనూ అదే మాట. సంచులు కాసేవాళ్ళు ఫొటోల్లో పడరు.

దీనికి మందు లేకపోలేదు. పెద్ద ఊళ్ళల్లో చూడదగ్గ చోటల్లా మెడలో కెమేరా వేసుకుని తిరిగే ఫొటోగ్రాఫర్లు వుంటారు. 1924లో పూర్తయిన బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర వాళ్ళు తీసిన ఫొటోను నిమిషాల్లో అచ్చువేసి చేతికిస్తారు. తాజ్‌మహల్ దగ్గర పురావస్తుశాఖ లైసెన్సు పొందినవాళ్ళున్నారు. ఫోన్లు వచ్చాక వాళ్ళ బేరాలు బాగా తగ్గిపోయాయి. 2019లో వచ్చిన ‘ఫొటోగ్రాఫ్’ అనే హిందీచిత్రంలో కథానాయకుడు గేట్‌వే దగ్గరి అటువంటి ఫొటోగ్రాఫరే. “చేతిలో ఫోనుండగా డబ్బెందుకు దండగ?” అని మనం వాళ్ళను తప్పించుకుపోతాం. ధర ముందే మాట్లాడుకోండి, అది వేరు సంగతి. కాని ఊరికి ఒక్క ఫొటో వాళ్ళచేత తీయించుకుంటే నాన్నా, సంచులు దింపి అమ్మా, అందరూ అందులో వుంటారు. ఏ వేళకు ఎక్కడ నుంచుంటే వెలుగు ముఖంమీద పడుతుందో రోజూ అక్కడే వుండే అతనికి తెలిసినట్లు మనకు తెలియదు. అతను లేనిచోట పక్కన మరో సంసారం ఇదే అవస్థ పడుతూ వుంటుంది. “మీది నేను తీస్తాను, మాది మీరు తీయండి” అంటే కాదనేవాళ్ళుండరు. అరగంటలో ఊరూ పేరూ తెలిసి, పులిహోర పొట్లాలు కూడా చేతులు మారతాయి. అప్పుడప్పుడు ఫోను ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఇచ్చి చూడండి. వాడు నడుం ఎత్తునుంచి తీస్తాడు. సగం ఫొటోల్లో తలలుండవు. మిగతా సగంలో అమ్మా నాన్నా తమలో తాము మాట్లాడుకుంటూ పట్టుబడతారు.

తీసినవి నిలవాలి కదా! డిజిటల్ కెమేరాను మొదట తయారుచేసింది కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్, 1975లో. అది మూడున్నర కిలోలకు పైగా బరువు. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ విద్యే పెరిగి పెద్దదై కొడాక్ ఫిల్ము వ్యాపారాన్ని మింగేసింది. 2012 జనవరిలో కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. ఇంటింటి ఫొటోలూ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. అయితే ఫోను కాలువలో పడుతుంది, ఆటోలో మరిచిపోతాం, మూడేళ్ళకొకసారి మారుస్తాం. అరవైయేళ్ళ కిందటి నలుపు–తెలుపు ఫొటోలు ఇనప్పెట్టెలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా వున్నాయి. డెబ్బైల నాటి రంగు ఫొటోలు ఎర్రబడిపోయాయి. అయిదేళ్ళ కిందటి ఊటీ ఫొటోలు పాత ఫోనుతోపాటు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు.

రోజుకు పన్నెండు చొప్పున వుంచుకున్నారనుకున్నాం కదా, నాలుగు రోజులకు నలభై ఎనిమిది. వాటిని అచ్చువేయించండి. జిగురు పేజీల ఆల్బములు కొనకండి, ఆ జిగురు ఫొటోలను తినేస్తుంది. నల్లకాగితం మీద మూలలు అంటించి నాలుగు కొసలూ దూర్చే పాత పద్ధతే శ్రేష్ఠం. రోజూ, వేళా, చోటూ ఫోనుకు తెలుసు. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో దానికి తెలియదు. అది ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి, సిరా అయితే ఇటువైపుకు ఊరుతుంది. ఒక ఇంట్లో నేను చూసిన కాశీ ఫొటో వెనుక ఇలా వుంది: “కేదారఘట్టం, ఉదయం ఏడు. చలి. నాన్నగారి మఫ్లరు అమ్మ చుట్టుకుంది. శాలువావిడ ఎవరో తెలియదు, విజయనగరం నుంచి వచ్చామంది. మాకు మామిడితాండ్ర పెట్టింది. ఫొటో తీసింది వాళ్ళాయన.”